ఖాలా సబ్బుకు నా ముక్కు

ఇరుగుపొరుగున్నాక చక్కెర అడుగుతారు, ఇస్త్రీపెట్టె అడుగుతారు, పండగొస్తే పెద్ద గిన్నె అడుగుతారు. ముక్కు అరువడిగిన మనిషిని మాత్రం నా జన్మలో ఖాలాను ఒక్కదాన్నే చూశాను. ఇచ్చాను కూడా. ఇచ్చి అనుభవించాను.

అప్పుడు మేము అబుదాబిలో, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఉండేవాళ్ళం. ఒకే విల్లాను గోడలు పెట్టి ముక్కలు చేసి అద్దెకిస్తారు కదా, అందులో ముందు భాగం మాది. మా ఆయన ఒక కంపెనీలో డ్రైవరు. ముసఫ్ఫాలో పనిచేసే మన తెలుగు పిల్లలకు నేను మధ్యాహ్నం డబ్బాలు వండి పంపేదాన్ని. వెనక గదిలో ఖాలా, ఆమె కూతురు ఉండేవారు. కూతురు పొద్దున్నే ఒక క్లినిక్‌లో డ్యూటీకి పోతే పొద్దుగూకాక వచ్చేది. అంటే పగలంతా ఖాలా నా నెత్తినే.

వాళ్ళది లెబనాన్. సముద్రం ఒడ్డున ట్రిపోలి అనే ఊరు. లిబియాలో కూడా అదే పేరుతో ఊరుందని మా ఆయన ఎక్కడో విని చెబితే, మొదటిసారి కలిసినప్పుడు మర్యాద కోసం "లిబియా వాళ్ళా మీరు?" అని అడిగాను. అంతే. ఆ రోజు మొదలుపెట్టి వాళ్ళ ఊరి చరిత్రంతా నా చెవిలో పోసింది. ఎవరో రాజులు ఓడల్లో వచ్చి కొండ మీద కోట కట్టారట. ఇంకెవరో వచ్చి వాళ్ళను తరిమి కింద పాతబస్తీ కట్టారట. ఆ బస్తీలో ఖాన్ అని ఒక రాతి కట్టడం, మధ్యలో వాకిలి, చుట్టూ గదులు, అందులో వందల ఏళ్ళుగా ఆలివ్ నూనెతో సబ్బు కాస్తున్నారట. ఆ సబ్బు ఓడలెక్కి ఎక్కడెక్కడికో పోయేదట. వాళ్ళ నాన్న అక్కడే సబ్బు కాసేవాడు. పప్పుకు తాలింపు పెడుతూ, గంజి వారుస్తూ ఇదంతా ఎన్నిసార్లు విన్నానో! ఆ ఊరికి నేనెప్పుడూ పోలేదు. కానీ ఏ సందు తిరిగితే ఏ వాసనో ఈ రోజు అడిగినా చెప్పగలను, ఖర్మ.

మాలోనూ వాళ్ళలోనూ ఖాలా అంటే అమ్మ తోబుట్టువే. ఆ ఒక్క పిలుపు తప్ప మా ఇద్దరికీ కలిసిన భాష లేదు. ఆమె అరబ్బీ, నా కడప ఉర్దూ, అక్కడికి పోయాక ఇద్దరం ఏరుకున్న ముక్కల హిందీ, చాలకపోతే చేతులు. అట్లా మాట్లాడుకున్నవే ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

కరోనా వచ్చిన రెండో ఏడు ఖాలాకు జ్వరమొచ్చింది. బతికి బయటపడింది కానీ వాసన పోయింది. అది నాకు తెలిసింది కూడా గొడవతోనే. ఒకరోజు నా వంటింట్లోకి కమురు వాసన కొట్టింది. నా పొయ్యి మీద ఏమీ మాడలేదు. పరిగెత్తి వెనక గదిలోకి పోతే, పెనం మీద రొట్టె బొగ్గయి పొగలు కక్కుతోంది, పక్కనే కుర్చీలో ఈమె తస్బీ పూసలు తిప్పుకుంటూ నింపాదిగా కూర్చుని ఉంది.

"ఏంది ఖాలా ఇది! ఇల్లు తగలబెడతావా?" అని అరిచాను.

ఆమె పెనం వైపు చూసింది. లేచి పొయ్యి ఆపింది. తర్వాత నా ముక్కు వైపే చూస్తూ నిలబడింది. ఆ చూపు నాకు అప్పుడే నచ్చలేదు.

మర్నాడు ఒక తగరపు డబ్బా పట్టుకుని వచ్చింది. మూత తీసి నా మొహం ముందు పెట్టింది. ముదురాకుపచ్చ నూనె. బిర్యానీ ఆకును దంచి, పొగ పట్టించి, దాంట్లో కాస్త కషాయం కలిపినట్టుంది వాసన. వాళ్ళ కొండల్లో కాసే కాయల నుంచి తీస్తారట, ఘార్ నూనె అంటుంది.

"నీ ముక్కు మంచిది. నాకు కావాలి" అంది.

"నా ముక్కు నాకే చాలడం లేదు. పది కూరలు వండాల. ఏం చేసుకుంటావు దాన్ని?"

అప్పుడు చెప్పింది. ముక్కు పోయినందుకు ఆమెకు పెద్ద బాధ లేదట. కళ్ళు మూసుకుంటే నాన్న సబ్బు వాసన గుర్తొచ్చేదట, ఇన్నేళ్ళూ అట్లానే నిద్ర పట్టేదట. జ్వరం తగ్గినప్పటి నుంచి ఆ గుర్తు పలచబడుతోందట. "పూర్తిగా పోకముందే ఒక్కసారి కాయాలి. ఇదే ఆఖరి డబ్బా. ఈ నూనె తీసే మనిషి చచ్చిపోయాడు, ఖాన్‌లో మా నాన్న పొయ్యి ఎప్పుడో ఆరిపోయింది. ఇంక రాదు. సరిగ్గా ఆ వాసనే వచ్చిందని తెలిస్తే నాకు చాలు. కానీ కాస్తే నాకు తెలియదు కదా" అంది. కళ్ళల్లో నీళ్ళు లేవు. నీళ్ళుంటే ఏదో ఒకటి చెప్పి పంపేసేదాన్నేమో.

సరే అన్నాను. ఎందుకన్నానో ఆ అల్లాకే తెలియాలి.

ఆమె గదిలో ఉన్నది చిన్న కరెంటు పొయ్యి. అందుకని సబ్బు కాయడం నా వంటింట్లోనే, నా గ్యాసు మీదే. సబ్బు కాయడం వాళ్ళమ్మ దగ్గర ఇంట్లో నేర్చుకుందట. ఆలివ్ నూనె పోసి, క్షారం నీళ్ళు కలిపి, పొడుగాటి చెక్క గరిటెతో తిప్పుతూనే ఉంది. నన్ను మాత్రం అటూ ఇటూ కదలనివ్వదు. సబ్బు కుదురుతోందో లేదో గిన్నె మీద వంగి వాసన చూసి చెప్పాలట, వాళ్ళ పద్ధతి అది. తెలిసిన మనిషికి ముక్కు లేదు. ముక్కున్న నాకు ఏం తెలియాలో తెలియదు. ఇంతకంటే దరిద్రం ఉంటుందా?

"ఇప్పుడెట్లుంది?"

"పచ్చివాసన పోలేదు" అన్నాను. మనకు తెలిసిన కొలత అదొక్కటే కదా. అల్లం వెల్లుల్లి అయినా, సెనగపిండి అయినా, పచ్చివాసన పోయేదాకా వేయించాలి. దాన్ని ఆమెకు అర్థమయ్యేలా చెప్పడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. పచ్చి ఉల్లిపాయ ముక్క చేతికిచ్చి చూపించాను, వేయించిన ముక్క ఇచ్చి చూపించాను. రెండూ ముక్కు దగ్గర పెట్టుకుని, ఏమీ తెలియక, నా మీద గుడ్లురిమింది. ముక్కు పోయిన మనిషికి ఉల్లిపాయ ఇచ్చానని నాకు అప్పుడు తట్టింది.

"ఇప్పుడు?"

"ఉడికిన బచ్చలికూర."

"లా, లా, కాదు! ఇప్పుడు?"

"తడి గోడ. కొత్తగా సున్నమేసిన గోడ."

దానికి కాస్త మెత్తబడింది. అట్లాగే తిప్పింది. పొద్దు వాలేసరికి పచ్చివాసన పోయింది. నిజంగానే పోయింది, నేను మాట వరసకు అనలేదు. నెయ్యి కాగేటప్పుడు ఒక దగ్గర మారుతుంది చూడండి, అట్లా మారింది. అప్పుడు ఘార్ నూనె డబ్బా మొత్తం వంచింది. చివరి చుక్క వేలితో తుడిచి, ఆ వేలిని కూడా గిన్నె అంచుకు రాసింది.

"చెప్పు. పొగాకు వాసన వస్తోందా?"

"పొగాకా? సబ్బులో పొగాకు ఎందుకొస్తుంది?"

"వస్తుంది. నాకు తెలుసు. కాఫీ? సముద్రం గాలి?"

"మాఫీ, ఖాలా. అవేమీ లేవు. బిర్యానీ ఆకు ఉంది, నూనె ఉంది, సున్నం ఉంది. ఖలాస్." అక్కడి అరబ్బీలో మాఫీ అంటే లేదు, ఖలాస్ అంటే అంతే.

"సరిగ్గా చూడు. ఇంకొకటి కూడా ఉండాలి. అదేమిటో నాకు మాట రావడం లేదు. అది లేకపోతే అది మా నాన్న సబ్బు కాదు."

మర్నాడు ముసఫ్ఫా నుంచి ఫోను. నా దగ్గర డబ్బాలు తీసుకునే పిల్లల్లో కరీంనగర్ వైపు కుర్రాడు. "అక్కా, గీ పప్పుల సబ్బు వాసనొస్తుందేంది? చేతులు కడుక్కొని వండినవా, చేతులే వండినవా?" అన్నాడు. వెనక నుంచి నవ్వులు. ఎన్నేళ్ళ నుంచో చేస్తున్న వంట, ఒక్క మాట పడలేదు. ఆ రోజు పడ్డాను. మా ఆయన ఇంకా సంబరపడ్డాడు. "ఏమే, నేను కూరలో ఉప్పు చూడమంటే తీరిక లేదంటావు, ఆయమ్మ సబ్బుకు మాత్రం పొద్దస్తమానం ముక్కు పెడ్తాండావే!"

ఖాలా సబ్బును పళ్ళెంలో పోసి, గట్టిపడ్డాక కోసి, ముక్కల్ని గాలాడేలా ఒకదాని మీద ఒకటి గోపురంలా పేర్చింది. ఎక్కడ? నా బియ్యం బస్తాల పక్కన. నెలల తరబడి ఆరాలట. ఆరేకొద్దీ వాసన మారుతుందట. అక్కడితో నా పని అయిపోయిందనుకున్నాను. అసలు పని అప్పుడే మొదలైంది.

రోజూ సాయంత్రం అసర్ నమాజు కాగానే వచ్చేది. గోపురం పైనుంచి ఒక ముక్క తీసి నా ముక్కు కింద పెట్టేది. పొగాకు? మాఫీ. కాఫీ? మాఫీ. ఒకసారి కప్పు నిండా కాఫీ కాచుకొచ్చి సబ్బుల పక్కన పెట్టి, ఇప్పుడు చూడు అంది. "ఇప్పుడు కాఫీ వాసన కప్పు నుంచి వస్తాంది ఖాలా!" అని మొత్తుకున్నాను. ఆ కాఫీ తనే తాగేసి వెళ్ళిపోయింది. నేను నిద్రలో కూడా బిర్యానీ ఆకు వాసన పీల్చేదాన్ని. నిజం బిర్యానీ వండితే సబ్బు తిన్నట్టుండేది నాకు. అబద్ధం చెప్పేద్దామా, "ఆఁ, వచ్చింది, పొగాకూ వచ్చింది, కాఫీ కూడా వచ్చింది, ఇంక నన్నొదులు" అందామా అని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. అంటే ఆమె వెంటనే "ఇంకొకటి?" అంటుంది. ఆ ఇంకొకటి ఏమిటో ఆమెకే తెలియకపోతే నేనెట్లా చెప్పేది?

ఖాలాకు ఒక తమ్ముడున్నాడు. కొండలకు అవతల కల్బా అనే ఊర్లో సోఫాలకు బట్ట కుట్టే షాపు. కుర్రతనంలో నాన్నతో పాటు ఆ ఖాన్‌లోనే పనిచేశాడట. ఈ సంగతి నాకు ఎప్పుడు తెలిసిందంటే, సబ్బులు సగం ఆరాక. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఆ వాసన తెలిసిన మనిషి ఈ దేశంలోనే ఉంటే నన్నెందుకు చంపుతాండావు? ఫోన్ చెయ్ ఆయనకు!"

"చెయ్యను. నవ్వుతాడు. ఆడవాళ్ళకు సబ్బు గురించి ఏం తెలుసు అంటాడు. చిన్నప్పటి నుంచీ అదే మాట."

"నవ్వితే నవ్వనీ. నవ్వితే సబ్బు అరుగుతుందా?"

వినలేదు. ఇంకొన్ని వారాలు అట్లాగే గడిచాయి. తర్వాత ఒకరోజు వచ్చింది. గోపురం వైపు వెళ్ళలేదు. స్టూలు మీద కూర్చుని తన చేతులు చూసుకుంటోంది.

"నిన్న గుర్తు రాలేదు" అంది. "కళ్ళు మూసుకున్నాను, ఖాన్ కనిపించింది, వాకిలి కనిపించింది. వాసన రాలేదు. ఎంత సేపు ఉన్నా రాలేదు."

నిజం చెబుతున్నాను, ఆ నిమిషం దాకా ఇది ముసలామె చాదస్తం అనే అనుకుంటున్నాను. వెంటనే ఆమె ఫోను లాక్కుని, ఆమె చేతే తమ్ముడి నంబరు చూపించుకుని, నేనే నొక్కాను. ఆయన మంచి హిందీ మాట్లాడాడు. విషయమంతా అడిగి తెలుసుకున్నాడు. తర్వాత "తీసుకురండి" అన్నాడు.

తీసుకురండి అంటే సరిపోయిందా! అప్పట్లో అబుదాబి దాటి బయటికి పోతే, తిరిగి లోపలికి రావడానికి కరోనా లేదని టెస్టు కావాలి. ముక్కులోకి పుల్ల. ఖాలా పుణ్యమా అని నా ముక్కుకు ఆ సత్కారం కూడా జరగాలని రాసుంది. శుక్రవారం మా ఆయన సెలవు. సణుగుతూనే బండి తీశాడు. సబ్బు ముక్కను ఖాలా తెల్లబట్టలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. దారి పొడుగునా కొండలు వస్తున్నాయి, పోతున్నాయి, ఆమె ఒక్కసారి కూడా బయటికి చూడలేదు.

కల్బాలో దారి తప్పుతామేమోనని తమ్ముడు షాపు నుంచి మెయిన్ రోడ్డు దాకా నడిచి వచ్చి నిలబడ్డాడు, మిట్టమధ్యాహ్నం ఎండలో. తెల్లచొక్కా, నెరిసిన మీసం, చేతిలో సిగరెట్టు. షాపులోకి తీసుకెళ్ళి ముందు కాఫీ పోశాడు, తనూ తాగాడు. సముద్రం ఎదురుగానే ఉంది. తలుపు తీసి ఉంచితే గాలి లోపలికే కొడుతోంది.

ఖాలా మూట విప్పింది. ఆయన సబ్బును చేతిలో వేసుకుని బరువు చూశాడు, గోటితో గీరాడు, తర్వాత ముక్కుకు ఆనించాడు. నేను ఆయన ముక్కు వైపే చూస్తున్నాను. ఆ ముక్క సరిగ్గా ఉంటే నాకు విముక్తి కదా.

"ఇదే" అన్నాడు. "నాన్నదే. ఘార్ ఒక పిసరు ఎక్కువ పడింది. కానీ ఇదే."

ఖాలా నమ్మలేదు. "పొగాకు ఏది? కాఫీ ఏది?" అంది.

ఆయన నవ్వాడు. ఆమె భయపడినట్టే పకపకా నవ్వాడు. ఖాలా మొహం చూసి ఆగిపోయాడు. మాకూ అర్థం కావాలనేమో, సగం అరబ్బీ సగం హిందీలో మెల్లగా చెప్పాడు. "అక్కా, నువ్వు ఖాన్ లోపలికి ఎప్పుడొచ్చావు? ఆడపిల్లల్ని ఆ గుమ్మం దాటనిచ్చేవాళ్ళా? అన్నం గిన్నె తెచ్చి బయట నిలబడేదానివి. సబ్బులో పొగాకేమిటి, కాఫీ ఏమిటి? సాయంత్రం నాన్న ఇంటికొచ్చి చొక్కా విప్పి నీ చేతికిచ్చేవాడు. నీకు తెలిసింది ఆ చొక్కా వాసన."

యా అల్లా! నాకు వెర్రెక్కినంత పనైంది. ఇన్నాళ్ళూ నా చేత సబ్బులో వెతికించింది చొక్కానా? నా పప్పు పాడైంది, నా బిర్యానీ పాడైంది, మాట పడ్డాను, ముక్కులో పుల్ల పెట్టించుకోబోతున్నాను, దేనికి? నోరు తెరవబోయాను. ఖాలాను చూసి మూసుకున్నాను. ఆమె ఆ సబ్బు ముక్కనే చూస్తూ కూర్చుని ఉంది. చివరి డబ్బా నూనె, చివరి చుక్కతో సహా, తనకు కావలసింది కాని దానికి పోసేసిన మనిషి ఎట్లా ఉంటుందో అట్లా ఉంది.

తర్వాత లేచి సబ్బును తమ్ముడి చేతిలో పెట్టి, బయట కొళాయి చూపించింది. "కడుక్కో" అంది.

ఆయన లేచాడు. వెళ్ళి చేతులు, మొహం, మెడ ఆ సబ్బుతో కడుక్కుని, నీళ్ళు చొక్కా మీద కారుతుండగానే వచ్చి మా ముందు నిలబడ్డాడు.

ఖాలా నా వైపు తిరిగింది. "వెళ్ళు. చూడు."

"ఏం చూడాల?"

"చొక్కా. వాసన చూసి చెప్పు."

తౌబా తౌబా! కరోనా రోజులు, ఎదురుగా కట్టుకున్న మొగుడు, నేను మాస్కు తీసి పరాయి మగమనిషి చొక్కా వాసన చూడాలట! మా ఆయన వైపు చూశాను. ఏమంటాడో అనుకుంటే, ఆయన గబుక్కున సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. ఆ తమ్ముడు సిగ్గుతో చచ్చిపోతూ కళ్ళు మూసుకుని చెయ్యి చాపాడు. చేసేది లేక మాస్కు దించి, ఆ భుజం దగ్గర వంగాను.

"సబ్బు ఉంది" అన్నాను. "పొగాకు ఉంది. కాఫీ ఉంది, యాలకులు వేసిన కాఫీ. ఉప్పుగాలి కూడా ఉంది."

"ఇంకా?"

"ఇంకేం లేదు."

"ఇంకా ఉంది. నీ మొహంలో తెలుస్తోంది. చెప్పు."

పెద్దమనిషి, మమ్మల్ని ఎండలో ఎదురొచ్చి తీసుకెళ్ళినవాడు, మొహం మీద ఎట్లా చెప్పేది? "వద్దులే ఖాలా" అన్నాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది. వదలదు. ఇన్ని నెలల కసి ఒక్కసారిగా బయటికొచ్చేసింది.

"చెమట! చెమట కంపు ఖాలా! ఎండలో పనిచేసి నడిచొచ్చిన మగోడి చెమట! పులిసిన మజ్జిగ మాదిరి! చాలా?"

నా మణికట్టు మీద చెయ్యి వదులైంది. ఖాలా తమ్ముడి దగ్గరికి వెళ్ళి, ఆ తడి చొక్కాలో మొహం పెట్టేసింది. ఆమెకు ఏ వాసనా తెలియదని అక్కడున్న అందరికీ తెలుసు. ఆయన అక్క తల మీద చెయ్యి వేశాడు.

"అదే" అంది, చొక్కాలోనుంచే. "ఆ ఇంకొకటి అదే. రోజూ నాన్న చొక్కాకు ఈ సబ్బు పెట్టి అది పోయేదాకా ఉతికింది నేనే."